రాళ్ళు రావాలి, ఇసుక వద్దు

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మూడున్నరేళ్ళుగా ఇంట్లో 40 గ్యాలన్ల ఉప్పునీటి రీఫ్ ట్యాంకు (పగడపు జీవాలు, అంటే కోరల్స్ పెంచేది) నడుపుతున్నాను. క్లౌన్ ఫిష్ జంట, రాయల్ గ్రామా ఒకటి, యెల్లో వాచ్‌మన్ గోబీ, దానితో ఒకే బొరియలో కాపురం చేసే పిస్టల్ రొయ్య, ఒక క్లీనర్ రొయ్య, పది పదిహేను నత్తలు, కొన్ని పీతలు ఉన్నాయి. కోరల్స్‌లో హ్యామర్, జోవాలు, మష్రూమ్‌లు, రెండు మాంటిపోరా ముక్కలు. పాదంతో అంటుకుని ఉండే మెత్తటి సముద్రజీవి, బబుల్ టిప్ అనిమోనీ ఒకటి. ఇసుక మూడంగుళాల మందం ఉంటుంది. ఇప్పుడు సంప్‌తో (కింద ఉండే ఫిల్టరు తొట్టితో) సహా 120 గ్యాలన్ల ట్యాంకు, దానికి కొత్త ఎల్‌ఈడీ లైటు కొన్నాను. అది గరాజ్‌లో ఉంది. చిక్కేమిటంటే, హాల్లో దానికి సరిపోయే గోడ ఒక్కటే, అక్కడ పాత ట్యాంకు ఉంది. ఒకటి తీస్తేగానీ ఇంకొకటి పెట్టలేను. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఒక్క రోజులో పని ముగించాలని ఉంది. కొత్త ట్యాంకును మళ్ళీ నెల రోజులు సైకిల్ చెయ్యాలా, అంటే మంచి బాక్టీరియా పెరిగేదాకా చేపలు లేకుండా నడపాలా? పాత నీరు ఎంత వాడాలి? బాక్టీరియా అంతా పాత ఇసుకలోనే ఉంటుంది, అదే వాడమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా? షాపులో యెల్లో టాంగ్ చేప ఒకటి చూసి పెట్టుకున్నాను, అదే వారం వేసెయ్యొచ్చా? ఇండియా నుంచి అమ్మ వచ్చి ఉంది. "ఉన్నచోట హాయిగానే ఉన్నాయి కదరా, ఎందుకొచ్చిన గొడవ" అంటోంది. నాకేమో టెన్షన్‌గా ఉంది.
— పేరు వద్దన్న పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

సమాధానం: ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. నెల రోజుల సైకిల్ అక్కర్లేదు. పాత నీరు తెచ్చుకుంటే మంచిదే, కానీ మీరనుకునే కారణానికి కాదు. పాత ఇసుక వద్దే వద్దు. టాంగ్‌ను కొనుక్కోండి, కానీ కొత్త ట్యాంకులో వెయ్యకండి. ఆ టాంగ్ సంగతికి తర్వాత వస్తాను.

అమ్మగారి మాటను మరీ కొట్టిపారెయ్యకండి. 40 గ్యాలన్లలో నాలుగు చేపలు మూడున్నరేళ్ళు బతికాయంటే ఆ ట్యాంకు బాగా కుదురుకున్నట్టే. పెద్ద ట్యాంకు వాటికి మేలు చేస్తుంది, అందులో అనుమానం లేదు. నీరు ఎక్కువైతే వేడి, ఉప్పు, మలినం ఏదీ గబుక్కున మారదు. కానీ ప్రమాదమంతా మార్చే రోజునా, ఆ తర్వాతి వారంలోనూ ఉంది. రీఫ్ ట్యాంకులు మార్చినవాళ్ళు పోగొట్టుకున్నవన్నీ దాదాపుగా ఆ వారం రోజుల్లో పోగొట్టుకున్నవే.

పెరుగు తోడుపెట్టే ఇంట్లో పుట్టినవాళ్ళకు సైకిల్ అర్థం కావడం తేలిక. చేపల విసర్జన నుంచి, కుళ్ళిన తిండి నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఉత్త ట్యాంకులో ఈ బాక్టీరియా ఉండదు గనక నెలో నెలన్నరో ఆగాల్సి వస్తుంది. మీ దగ్గర తోడు సిద్ధంగా ఉంది. అయితే అది నీటిలో దాదాపుగా లేదు. ఈ బాక్టీరియా దేన్నయినా అంటిపెట్టుకుని పొరలా పెరుగుతుంది. మీ ట్యాంకులో అది ఎక్కువగా ఉన్నది రాళ్ళ మీద, రాళ్ళ రంధ్రాల్లో, ఫిల్టర్ స్పాంజిలో. ఇసుక పైపొరలో కూడా ఉంది, మీ ఫ్రెండ్ చెప్పిందాంట్లో నిజం అంతవరకే. చేపల సంఖ్య పెరగడం లేదు కాబట్టి రోజూ పుట్టే అమ్మోనియా కూడా పెరగదు. ఇన్నాళ్ళూ దాన్ని తింటున్న బాక్టీరియా రాళ్ళతో పాటు తడి ఆరకుండా వచ్చేస్తే గిన్నె ఎంత పెద్దదైనా ఫరవాలేదు. అందుకే సైకిల్ అక్కర్లేదన్నాను. రాళ్ళు ఎండినా, టబ్బులో కదలిక లేని నీటిలో రాత్రంతా పడి ఉన్నా ఆ మాట వర్తించదు.

ఇక ఇసుక. ఇది నా సొంత నష్టం నుంచి చెబుతున్నాను. పదేళ్ళ కిందట 55 నుంచి 90 గ్యాలన్లకు మారినప్పుడు నాక్కూడా పాత ఇసుకంటే బంగారంలా అనిపించింది. నాలుగేళ్ళ ఇసుక, అందులో ఎన్ని పురుగులు, ఎంత బాక్టీరియా అని మురిసిపోయి బకెట్లతో ఎత్తి కొత్త ట్యాంకులో గుమ్మరించాను. అడుగుపొర నల్లగా ఉంది, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది. అప్పటికి రాత్రి పదకొండయింది, ఒళ్ళు హూనమై ఉంది, పట్టించుకోలేదు. తెల్లారేసరికి ఆరు చేపల్లో నాలుగు పోయాయి. మిగిలిన రెండూ నీటి పైన నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మందంగా పేరుకున్న ఇసుక అడుగున ఆక్సిజన్ అందదు. అక్కడ ఏళ్ళ తరబడి మడ్డి చేరుతుంది, కొన్నిచోట్ల హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. కదపనంత కాలం అది ఎవరినీ ఏమీ అనదు. కదిపితే ఆ మడ్డీ, అమ్మోనియా, ఆ గ్యాసూ ఒక్కసారిగా నీటిలోకి వస్తాయి. అదీ చేపలు అప్పటికే బెదిరిపోయి ఉన్న రోజున. మీ మూడంగుళాల ఇసుక కూడా అలాంటిదే. కడిగి వాడితే ప్రమాదం తగ్గుతుంది నిజమే, కానీ అంత ఇసుకను నీరు తేటగా వచ్చేదాకా కడగడానికి పట్టే సమయంతో పోలిస్తే కొత్త అరగొనైట్ ఇసుక బస్తాలు చౌక. తోడుకోసం మనసు పీకుతుంటే పైపొర నుంచి ఒక కప్పుడు తెల్లటి ఇసుక తీసి కొత్తదాని మీద చల్లుకోండి, చాలు.

మీరు రాసిన వాటిలో నాకు నచ్చనిది ఒక్క రోజులో ముగించాలన్న ఆలోచన. పొద్దున్నే మొదలుపెట్టినవాళ్ళు రాత్రి రెండింటికి కూడా బకెట్లు మోస్తూ ఉంటారు. తప్పులు జరిగేది ఆ వేళల్లోనే. జీవాలను ఒకటి రెండు రోజులు టబ్బుల్లో ఉంచండి. హీటరు, నీటిని తిప్పే పంపు ఉన్న టబ్బులో, రాళ్ళు కూడా దానిలోనే ఉంటే, అవి సుఖంగానే ఉంటాయి. ఈలోపు కొత్త ట్యాంకు నిండి, నీరు తేటపడి, వేడి కుదురుకుంటుంది. శుక్రవారం దించి శనివారం సాయంత్రమో ఆదివారమో ఎక్కించండి. గురువారం మాత్రం వద్దు. ఇంటి నిండా చుట్టాలు, ఓవెన్‌లో టర్కీ, హాల్లో ఉప్పునీళ్ళు, మూడూ కుదరవు.

సెలవులకు ముందే గరాజ్‌లో చెయ్యాల్సిన పని చాలా ఉంది. కొత్త ట్యాంకును స్టాండు మీద పెట్టి లెవెల్ చూసి, సంప్‌కు పైపులు బిగించి, మామూలు కుళాయి నీటితో నింపండి. 24 గంటలు చూడండి. లీకులు ఎక్కువగా వచ్చేది అద్దాల అతుకుల్లో కాదు, పైపులు దూరే చోట ఉండే బల్క్‌హెడ్‌ల దగ్గర. పంపు నడుస్తుండగా ఒకసారి ప్లగ్గు పీకెయ్యండి. పై ట్యాంకు నుంచి కొంత నీరు వెనక్కి సంప్‌లోకి దిగుతుంది. ఆ నీరు సంప్ పట్టగలదా లేదా అన్నది గరాజ్ నేల మీద తేలాలి, హాలు కార్పెట్ మీద కాదు. ఇప్పటిదాకా మీకు సంప్ లేనట్టుంది గనక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. కరెంటు పోయిన రోజున ఇల్లు తడిసేది ఇందువల్లే. 120 గ్యాలన్ల ఉప్పునీరు ఒక్కటే వెయ్యి పౌండ్ల పైన తూగుతుంది. మీది కింది అంతస్తులో స్లాబ్ మీద కట్టిన ఇల్లయితే బెంగ లేదు. పై అంతస్తయితే తెలిసినవాళ్ళకు చూపించాకే పెట్టండి. పరీక్షయ్యాక నీరంతా వంచేసి ఉత్త ట్యాంకును హాల్లోకి మోయడానికి నలుగురు కావాలి. ముందు మోత, తర్వాతే బిర్యానీ.

నీరు వారం ముందు నుంచే పోగుచెయ్యాలి. సంప్‌తో కలిపి, రాళ్ళూ ఇసుకా ఆక్రమించే చోటు తీసేస్తే, దాదాపు 120 గ్యాలన్లు కావాలి. పాత ట్యాంకు నుంచి తేట నీరు ఓ పాతిక గ్యాలన్లు వస్తుంది. దాంట్లో బాక్టీరియా ఉంటుందని కాదు, మీ జీవాలకు అలవాటైన నీరు కాబట్టి టబ్బుల్లో అదే వాడండి. అంటే కొత్త నీరు నూరు గ్యాలన్లు తయారుచేసుకోవాలి. రోజుకు 75 గ్యాలన్లని రాసి ఉన్న, నీటిని శుద్ధిచేసే ఆర్‌ఓ-డీఐ యూనిట్ నవంబరులో అన్ని ఇవ్వదు. కుళాయి నీరు చల్లబడిన కొద్దీ దాని వేగం తగ్గుతుంది. మీ ఊరికి నీళ్ళిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్రిమిసంహారిణి) వాడుతుంది. మామూలు కార్బన్ ఫిల్టరు దాన్ని పూర్తిగా ఆపలేదు. ఆపినంతలో కూడా అమ్మోనియా విడిపోయి డీఐ రెసిన్‌ను తొందరగా అరగదీస్తుంది. కాబట్టి ఇంత నీరు పట్టే ముందు కార్బన్, రెసిన్ కొత్తవి వేసుకోండి. బయటికి పోయే నీరు కూడా చాలా ఉంటుంది. దాన్ని కరివేపాకు చెట్టుకో గోంగూరకో పోసుకోవచ్చు, అందులో మనం వేసే ఉప్పుండదు. ఇదంతా ఓపిక లేదనుకుంటే చాలా ఆక్వేరియం షాపులు కలిపిన ఉప్పునీరే అమ్ముతాయి.

ఉప్పు విషయంలో ఒకే ఒక్క పట్టింపు: ఇప్పుడు వాడుతున్న బ్రాండే వాడండి. పెద్ద ట్యాంకుకు పెద్ద బ్రాండని మార్చకండి. సముద్రపు నీటి ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, ఏడు డీకేహెచ్ (దాన్ని కొలిచే డిగ్రీలు) దగ్గర ఉంటుంది, రీఫ్ కోసమని అమ్మే కొన్ని ఉప్పులతో అది 12 దాకా పోతుంది. ఇన్నాళ్ళూ ఎనిమిదిలో ఉన్న మాంటిపోరాను ఒక్కసారిగా 12లో పెడితే అంచుల నుంచి తెల్లబడిపోతుంది. కలిపిన నీరు పంపుతో కనీసం ఒక రోజు తిరగాలి. ఆ తర్వాత పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఆల్కలినిటీ, ఉప్పు శాతం, వేడి కొలవండి. ఆల్కలినిటీలో ఒక డిగ్రీకి మించి తేడా ఉండకూడదు. ఉప్పు 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35), అంటే సాపేక్ష సాంద్రత 1.026 దగ్గర. వేడి 78 డిగ్రీల ఫారెన్‌హీట్. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరును ఉత్త నీటితో కాకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి.

చెయ్యి నీటిలో పెట్టేముందు ఒక హెచ్చరిక. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. జోవాల్లో, వాటి దగ్గరి చుట్టాలైన పాలితోవాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. చేతి గాయం నుంచో, కంట్లో చిందో, ఆవిరిగా పీల్చో ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. జోవాలున్న రాయిని బ్రష్షుతో రుద్దకండి, వేడినీళ్ళు పొయ్యకండి. ఇంట్లో పెద్దవాళ్ళున్నారు గనక ఇంకో మాట. సాయం చేద్దామని అమ్మగారు ఖాళీ బకెట్లోనో మిగిలిన రాళ్ళ మీదో వేణ్ణీళ్ళు పోసి కడిగెయ్యకుండా ముందే చెప్పి ఉంచండి. నిజంగా జరిగే పొరపాటే అది. బకెట్లు కూడా సబ్బు ఎరగనివి, కొత్తవి కొనండి.

శుక్రవారం పొద్దున మొదట హీటరు ఆపండి. పావుగంట చల్లారాకే నీటిమట్టం దించండి, లేకపోతే హీటరు గాజు పగులుతుంది. ఏదీ కదపకముందే పైనున్న తేట నీటిని సైఫన్‌తో టబ్బుల్లోకి తీసుకోండి. ఒకసారి రాళ్ళు కదిపాక వచ్చే నీరు ఎందుకూ పనికిరాదు. తర్వాత కోరల్స్. హ్యామర్‌ను ముందు మెల్లగా తాకితే లోపలికి ముడుచుకుంటుంది, అప్పుడు కింది గట్టి భాగం పట్టుకుని ఎత్తండి. విచ్చుకుని ఉన్నప్పుడే ఎత్తితే దాని అస్థిపంజరం అంచే దాని కండను కోసేస్తుంది. ఒక్కసారి చిరిగితే చాలాసార్లు అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది. అది పక్కవాటిని కుడుతుంది కూడా, టబ్బులో దానికి విడిగా చోటివ్వండి.

అనిమోనీ రాయిని పట్టుకుని ఉంటే అదృష్టమే, రాయితో సహా తీసుకెళ్ళండి. అద్దాన్ని పట్టుకుని ఉంటే పాత క్రెడిట్ కార్డు అంచుతో, అంగుళం అంగుళం, దాని పాదం కిందికి జరుపుతూ వదిలించాలి. పావుగంట పట్టినా పట్టనివ్వండి. గుంజితే పాదం చిరుగుతుంది, చిరిగితే బతకడం కష్టం. రాతి పగుల్లోకి దూరి ఉంటే ఆ రాయి వెనకవైపు ఒక ఐసుముక్కను ఆనించి పట్టుకోండి, చల్లదనం నచ్చక అదే వదులుతుంది. దీని విషయంలో నాకు ఎక్కువ భయం తర్వాతి రోజుల గురించి. కొత్తచోట అది నచ్చిన మూల దొరికేదాకా తిరుగుతుంది. తిరుగుతూ తిరుగుతూ పంపులోకి వెళ్ళిందంటే ముక్కలై ట్యాంకంతా పాడుచేస్తుంది. టబ్బులోనూ, కొత్త ట్యాంకులో మొదటి రెండు వారాలూ, ప్రతి పంపు మూతికీ స్పాంజో జాలీయో కట్టి ఉంచండి.

రాళ్ళు ఒక్కొక్కటీ మెల్లగా ఎత్తి, ట్యాంకు మీదే ఒక నిమిషం పట్టుకుని, రంధ్రాల్లోకి టార్చి వేసి చూడండి. రాయల్ గ్రామా బెదిరితే రాతి రంధ్రంలో ఇరుక్కుని రాయితో పాటే వచ్చేస్తుంది, ఆనక గరాజ్ నేల మీద పడుతుంది. అమ్మగారికి ఈ టార్చి పని అప్పగించండి. బియ్యంలో రాళ్ళు ఏరిన కళ్ళ ముందు గ్రామా ఎంత. ప్రతి రాయినీ పాత నీరున్న బకెట్లో రెండుసార్లు ఝాడించి మడ్డి వదిలించి, వెంటనే టబ్బులో ముంచండి. గాలి తగిలితే రాళ్ళ మీది స్పాంజి జీవాలు చచ్చిపోతాయి, చచ్చినవి మళ్ళీ అమ్మోనియా అవుతాయి.

చేపలను ఆఖరున పట్టండి. రాళ్ళుండగా వల పట్టుకుని వెంటపడటమంత దండగ పని లేదు. రాళ్ళు తీసేసి నాలుగైదు అంగుళాల నీరు మిగిల్చితే ప్లాస్టిక్ డబ్బాతోనే అందుతాయి. గోబీ, పిస్టల్ రొయ్య ఇసుకలో దాక్కుంటాయి. ఇసుక తోడే ముందు వేళ్ళతో దువ్వినట్టుగా వెతకండి. రెండూ దొరికేదాకా ఇసుక బయట పారెయ్యకండి. పిస్టల్‌ను విడిగా ఒక డబ్బాలో ఉంచండి. అది పంజాతో వేసే చిటిక దెబ్బకు క్లీనర్ రొయ్య తట్టుకోలేదు. అన్ని టబ్బులకూ మూతలుండాలి, గోబీ, గ్రామా రెండూ గంతులేసేవే. పాత ఉప్పునీటిని గడ్డి మీద పొయ్యకండి, మాడిపోతుంది. ఇంట్లో డ్రెయిన్‌లోనే పొయ్యండి.

కొత్త ట్యాంకులో రాళ్ళు ముందు, ఇసుక తర్వాత. రాళ్ళు అడుగు అద్దం మీద నేరుగా కూర్చోవాలి. మీ గోబీ, రొయ్య రాత్రింబవళ్ళు తవ్వే జంట. ఇసుక మీద నిలబెట్టిన రాయి కింద సొరంగం తవ్వితే రాయి కూలుతుంది, కింద ఉన్నది నలుగుతుంది. మరి జీవాలు టబ్బుల్లో ఉండగా వాటి రాళ్ళు ఎలా పెట్టడమంటారా? కొత్తగా కొన్న పొడి రాళ్ళు ఏమైనా ఉంటే వాటితో ముందు కట్టడం కట్టుకోండి. పాత రాళ్ళు కూర్చోవాల్సిన చోట్ల అద్దం ఖాళీగా వదిలి మిగతా చోట కడిగిన ఇసుక పరవండి. ఒక పళ్ళెం పెట్టి దాని మీద నీరు పోస్తే ఇసుక లేవదు. శుక్రవారం రాత్రికి పాలలా ఉన్న నీరు శనివారానికి తేటపడుతుంది. వేడి, ఉప్పు సరిచూసుకుని అప్పుడు పాత రాళ్ళు, తర్వాత కోరల్స్, ఆఖరున చేపలు. మీ నీళ్ళు ముందే సరితూగి ఉంటాయి గనక గంటల తరబడి డ్రిప్ చెయ్యక్కర్లేదు, అంటే కొత్త నీటిని చుక్కచుక్కగా కలపక్కర్లేదు. టబ్బులోకి కొత్త నీరు కప్పులతో అరగంట పాటు కలిపి మార్చెయ్యండి. రొయ్యలకు, నత్తలకు మాత్రం గంట ఇవ్వండి. ఉప్పులో చిన్న తేడా కూడా వాటికి పడదు.

లైటు సంగతి. కొత్త లైటు కొన్నవాళ్ళెవరూ దాన్ని తక్కువలో ఉంచలేరు, నాకు తెలుసు. అయినా 30 శాతం దగ్గర మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచండి. కోరల్ కండలో ఉండే నాచుకణాలే దానికి తిండి వండిపెడతాయి. వెలుగు ఒక్కసారిగా ఎక్కువైతే కోరల్ ఆ కణాలను బయటికి గెంటేసి తెల్లబోతుంది. మాంటిపోరాతో సహా అన్నిటినీ మొదట అడుగునే పెట్టి తర్వాత పైకి జరుపుకోండి.

మొదటి వారం రోజూ అమ్మోనియా చూడండి. 0.25 పీపీఎం దాటితే కొత్త నీరు మార్చాలి. అందుకని కలిపిన నీరు 30 గ్యాలన్లు సిద్ధంగా ఉంచుకోండి, ఆదివారం రాత్రి తయారు చెయ్యడానికి కూర్చోలేరు. తిండి సగానికి తగ్గించండి, చేపలు చిక్కిపోవు. కార్బన్ నడపండి. మలినాన్ని నురగగా తీసే స్కిమ్మర్ రెండు మూడు రోజులు పిచ్చిగా నురగ కక్కుతుంది, కప్పు పొంగుతుంది, దాని మానాన దాన్ని వదిలెయ్యండి. రెండో మూడో వారంలో కొత్త ఇసుకంతా గోధుమరంగు పొర కడుతుంది. అది డయాటమ్‌ల పని. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ హాని లేదు. కంగారుపడి మందులు పొయ్యకండి.

ఇప్పుడు టాంగ్. హవాయిలో ఆక్వేరియంల కోసం చేపలు పట్టి అమ్మడం 2021లో కోర్టు తీర్పుతో ఆగిపోయాక యెల్లో టాంగ్ ధర ఎక్కడికో పోయింది. అక్కడి ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2015లో దీన్ని మొదటిసారి గుడ్డు నుంచి పెంచి చూపించారు కాబట్టి సరిపోయింది, ఇప్పుడు పెంపకపు పిల్లలు దొరుకుతున్నాయి. షాపులో ఉన్నది పెంపకపుదైతే దాన్నే తీసుకోండి. కానీ టాంగ్‌లకు ఇక్ అనే తెల్లమచ్చల జబ్బు తొందరగా అంటుకుంటుంది. మీ ట్యాంకులో మూడున్నరేళ్ళుగా ఆ జబ్బు లేదనుకుంటాను, ఉంటే రాసేవారు. బయటి నుంచి వచ్చే చేపే దాన్ని తెస్తుంది. కోరల్స్ ఉన్న ట్యాంకులో రాగి మందు వెయ్యడానికి లేదు, రొయ్యలూ నత్తలూ అన్నీ పోతాయి. జబ్బు ఒకసారి చేరితే చేపలన్నీ బయటికి తీసి ట్యాంకును 76 రోజులు ఖాళీగా ఉంచడం తప్ప దారి లేదు.

అందుకే మీ పాత 40 గ్యాలన్ల ట్యాంకును అమ్మకండి. బాగా కడిగి గరాజ్‌లో కాకుండా, చలి తగలని ఏదైనా గదిలో పెట్టండి. ఇసుక, రాళ్ళు ఏమీ వద్దు. ఒక హీటరు, ఒక స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు చాలు. ఆ స్పాంజిని ఇవాళే తెచ్చి ఇప్పటి ట్యాంకులో ఒక మూల పడెయ్యండి. థాంక్స్‌గివింగ్ నాటికి దానికి బాక్టీరియా పడుతుంది, టాంగ్ ఉండే గదికి అదే తోడు. టాంగ్ నెల రోజులు అందులో ఉండి తిండికి అలవాటుపడి, మచ్చలేమీ రాకపోతే అప్పుడు పెద్ద ట్యాంకులోకి. ఆ నెలలో ఇక్కడ కూడా డయాటమ్‌లు తగ్గి, అనిమోనీ ఒకచోట కూర్చుని ఉంటుంది. ఎనిమిదంగుళాల దాకా పెరిగే చేప అది, నాలుగడుగుల ట్యాంకులో ఒక్కటే చాలు, జంట వద్దు.

మొన్న ఒకరు అడిగితే చెప్పాను, మీ ఇంట్లోనూ అమ్మగారున్నారు గనక మళ్ళీ చెబుతున్నాను. తిరిగి వెళ్ళేటప్పుడు షోకేసులోకి బాగుంటుందని చచ్చిపోయిన కోరల్ ముక్కను సూట్‌కేసులో పెట్టి పంపకండి. గట్టి కోరల్స్ ఎండు ముక్కలకు కూడా సరిహద్దు దాటాలంటే అనుమతి కాగితాలు కావాలి. ఇండియాలో అయితే అవి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు కిందికి వస్తాయి, పులితో సమానం.

ఇంకొక్కటి. మార్చాక గోబీ, పిస్టల్ రొయ్య వారం, పది రోజులు కంటికి కనబడకపోవచ్చు. కొత్త బొరియ తవ్వుకునేదాకా బయటికి రావు. రాత్రిపూట చిటిక వేసిన శబ్దం వినిపిస్తే రొయ్య ఉన్నట్టే. వాటికోసం రాళ్ళు మాత్రం కదపకండి.